అక్క ధైర్యానికీ తమ్ముడి భయానికీ నడుమ

ఇప్పుడు నా చీర కుచ్చిళ్ళు నేనే పెట్టుకుంటున్నాను. ఇదీ ఒక గొప్పేనా అనిపించినవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళ అదృష్టం అట్లాగే ఉండాలి. పోయిన ఏడాది కొన్ని వారాలపాటు నా ముక్కు మీద వాలిన ఈగను నేను తోలుకోలేకపోయాను. ఈగ వాలిందని ఎవరికీ చెప్పలేకపోయాను కూడా.

దుకాణానికి వచ్చే ప్రతి ఆడమనిషీ "ఏమైంది వనజక్కా" అని అడుగుతుంది. చెప్పడం మొదలుపెడితే చేతిలో గుడ్డ సగం కత్తిరించి ఆగిపోతుంది. అందుకని ఒక్కసారి రాసి పెట్టేద్దామనుకున్నాను. రెండు పాదాలూ ఒకేసారి తిమ్మిరెక్కి, ఆ తిమ్మిరి దిగకుండా పైపైకి పాకుతుంటే ఇంట్లో కూర్చోవద్దని నలుగురికీ చెప్పడం ఒక కారణం. రెండో కారణం మా అక్క, మా తమ్ముడు. వాళ్ళిద్దరి సంగతి తీయకుండా నా జబ్బు సంగతి చెప్పడం నాకు చేతకాదు.

నేను చిత్తూరులో జాకెట్లు కుడతాను. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. మాకు పిల్లలు లేరు. భారతక్క నాకంటే పెద్దది, బావ పోయినప్పటి నుంచి పలమనేరు దగ్గర పల్లెలో ఆవులు పెట్టుకొని పాలు పోస్తూ బతుకుతోంది. గిరి అందరికంటే చిన్న, తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో కౌంటరులో కూర్చుంటాడు. ముగ్గురం ఒకే తానులోంచి కత్తిరించిన గుడ్డలమే. కుట్టినవాడు మాత్రం మూడింటినీ మూడు కొలతలకు కుట్టాడు.

చిన్నప్పుడు ఒకసారి మేం ముగ్గురం అన్నం తింటుంటే పైనుంచి బల్లి పడింది. అక్క దాని తోక పట్టుకొని వాకిట్లోకి విసిరేసి, అదే చెయ్యి కడుక్కొని మళ్ళీ అన్నం కలుపుకుంది. నేను పొలమారేదాకా నవ్వాను. గిరి ఆ పూట అన్నం ముట్టలేదు. బల్లి ఎక్కడ పడితే ఏం ఫలమో పంచాంగంలో చూపించమని నాయన చుట్టూ తిరిగాడు, అది చాలక సాయంత్రం సూదిమందు వేయించమని ఏడ్చాడు. ఆ బల్లి వాడి భుజం మీద కాదు కదా, కంచం దగ్గర కూడా పడలేదు.

పెద్దయ్యాక కూడా ఏమీ మారలేదు. గిరి ఇంట్లోంచి బయలుదేరి బస్టాపు దాకా వచ్చి, గ్యాసు కట్టేశానో లేదో చూసుకోవడానికి వెనక్కి పోతాడు. కొండ మీదికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చోలేక అలిపిరి నుంచి నడిచే పోతాడు, దాన్ని అందరూ భక్తి అనుకుంటారు. అక్క అందరి తరఫునా నిర్ణయాలు చేస్తుంది. నేను అక్కతో సరే అంటాను, గిరితో సరే అంటాను, వెనక నుంచి ఇద్దరినీ చూసి నవ్వుతాను. నా ప్రాణం ఈ ఇద్దరి మాటల మధ్యకు వచ్చి పడేదాకా ఆ పద్ధతి నాకు సుఖంగానే ఉండింది.

చవితి అయిన వారం

వినాయక చవితికి ముందు నాకు విరేచనాలు పట్టుకున్నాయి. పండక్కి జాకెట్లు ఇవ్వాల్సినవాళ్ళు వాకిట్లో నిలబడి ఉంటే మజ్జిగ తాగి కుట్టుకుంటూ పోయాను. తగ్గింది, దాన్ని మర్చిపోయాను కూడా. చవితి అయిన వారంలో ఒక పొద్దున మిషను తొక్కుతుంటే పాదాలు నావి కాదన్నట్టు అనిపించింది. వేడినీళ్ళు పోసుకున్నాను, కొబ్బరినూనె రుద్దుకున్నాను. మరునాడు కాలి చెప్పు జారి వాకిట్లో ఉండిపోతే, అది లేకుండానే లోపలికి నడిచి వచ్చిన సంగతి నాకు తెలియలేదు. పక్కింటామె తెచ్చి ఇచ్చింది.

ఆ సాయంత్రం గడప దాటబోయి పడ్డాను. లేద్దామంటే మోకాళ్ళు మాట వినలేదు. మిషను కాలు పట్టుకొని పైకి లేచి కూర్చొని ఇద్దరికీ ఫోన్ చేశాను.

"తిమ్మిరే కదే," అంది అక్క. "పొద్దస్తమానం మిషను కాడ కూచ్చుంటే తిమ్మిరి పట్టదా? రాగిసంగటి తిని పండుకో. ఏం కాదు."

గిరి నాచేత మొదటి నుంచీ మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత, "ఒక కాలా, రెండు కాళ్ళా చిన్నక్కా?" అన్నాడు.

"రెండూ."

"పైకి పాకతాండాదా?"

"ఏమోరా. మోకాళ్ళ దాకా వచ్చినట్టుండాది."

"నువ్వు ఇప్పుడే పెద్దాస్పత్రికి పో. ఆటో పిలిపించుకో. నేను ఫోన్లో సూస్తాండా, ఇది మంచిది కాదు."

నవ్వాను. గోరు నల్లబడితే క్యాన్సరని డాక్టరు దగ్గరికి పోయిన మనిషి వాడు. ఊరికే భయపడేవాడి మాట ఎవరు లెక్కచేస్తారు? సరేలేరా, పొద్దున పోతానని చెప్పి ఫోన్ పెట్టేశాను. తెల్లారేసరికి మంచం దిగలేకపోయాను. భయమేస్తే కాళ్ళాడలేదు అంటాం కదా, నాకు ముందు కాళ్ళాడలేదు, భయం ఆ తర్వాత వచ్చింది. పక్కింటామె అక్కకు ఫోన్ చేసింది.

అక్క పాలు పిండి, డెయిరీకి పోసి, కారు మాట్లాడుకొని వచ్చేసింది. నా కాళ్ళను అటూ ఇటూ ఎత్తి చూసి, "నాయనకు వచ్చిన వాతమే ఇది," అంది. ఇంకెవరినీ అడగలేదు. నా చంకల కింద చేతులు వేసి పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి కారులో కూర్చోబెట్టింది. నాకు ఎంత నెమ్మదిగా అనిపించిందంటే, ఎక్కడికని కూడా అడగలేదు.

ఆకుపసరు ఊరు

పలమనేరు అవతల ఒక పల్లెలో పక్షవాతానికి ఆకుపసరు పోస్తారు. ఊరి పేరు రాయను. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళు నన్ను పిలవలేదు. మా నాయనకు ఒక పక్క పడిపోయి, మూతి వంకరపోయినప్పుడు అక్కే ఆయన్ని అక్కడికి తీసుకుపోయింది. నాయన కర్ర పట్టుకొని నడిచి ఇంటికి వచ్చాడు, ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. అట్లాంటి వాళ్ళలో కొందరికి చాలావరకు దానంతటదే తిరిగి వస్తుందని ఈమధ్య ఒక డాక్టరు చెప్పాడు. మా ఇంట్లో మాత్రం అది వేదవాక్కు. నాయనను లేపి నిలబెట్టింది భారతి, భారతిని నమ్మించింది పసరు.

అక్కడి నియమం గట్టిది. పరగడుపున పసరు తాగాలి. ఉప్పూ పులుపూ తగలకుండా మేకపాలలో కలిపిన గంజి తాగాలి. పథ్యం తీరేదాకా అక్కడే ఉండాలి, ఇంగ్లీషు మందు ముట్టకూడదు. ముడితే పసరు విరిగి ఒంట్లో విషమవుతుందని అంటారు. అక్క నా సంచిలో ఉన్న తలనొప్పి మాత్రను కూడా తీసి అవతల పారేసింది.

రేకుల కొట్టంలో చాపలు పరచి అందరినీ పడుకోబెట్టారు. చేదు పసరు గొంతు దిగాక నేను చుట్టూ చూశాను. పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఆయన పక్కామెకు కుడికాలు. అందరికీ ఏదో ఒక పక్కే. రెండు పక్కలా పోయినదాన్ని నేనొక్కదాన్నే. అది నాకు కనబడింది, అయినా నోరు తెరిచి అక్కతో అనలేదు.

మరునాటికి చేతులు పోయాయి. గ్లాసు పట్టుకుంటే జారింది. అక్క పట్టుకొని తాగిస్తే గంజి ముక్కులోంచి బయటికి వచ్చింది. అక్క కొంగుతో తుడిచి, "మందు పనిజేస్తాండాది. లోపల వాతం కదులుతాంటే అట్లే అయితాది. నాయనకూ అయింది," అంది. నాయనకు కాలేదు. ఆ మాట నాకు తెలుసు, అక్కకూ తెలుసు. కానీ అక్క అట్లా చెబితే అబద్ధం కూడా దుప్పటి కప్పినట్టు వెచ్చగా ఉంటుంది.

గిరి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అక్క విసుక్కొని ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది.

"చిన్నక్కా, చెడుగుడు అను," అన్నాడు వాడు.

"ఏందిరా?"

"చిన్నప్పుడు ఆడేవాళ్ళం కదా. మళ్ళా ఊపిరి తీసుకోకుండా ఎంతసేపు కూత పెడతావో పెట్టు. నేను వింటా."

ఆటలో నా కూత ఎప్పుడూ పెద్దదే. గిరి అయితే గీత దాటకముందే భయపడి ఊపిరి వదిలేసేవాడు. చెడుగుడు చెడుగుడు అని మొదలుపెట్టాను. ఇంకా ఎంతో దూరం పోగలననుకుంటుండగానే అది తెగిపోయింది. గిరి ఫోన్ పెట్టేశాడు. మధ్యాహ్నం మళ్ళీ చేసి మళ్ళీ అనమన్నాడు. పొద్దుటి కంటే ముందే తెగింది. నాకు అప్పుడు తెలిసింది, పాకుతున్నది ఛాతీ దాకా వచ్చిందని. చెరువులో మునుగుతున్నవాళ్ళకైనా చేతులు కొట్టుకోవడానికి ఉంటాయి. నేను చాప మీద పడుకొని, గాలి నిండా ఉన్న కొట్టంలో, నా ఊపిరి తరిగిపోవడం చూస్తూ ఉన్నాను.

మరునాడు ఎండ ఇంకా రేకుల మీదికి రాకముందే కొట్టం ముందు అంబులెన్సు ఆగింది. డ్రైవరు పక్క సీటులోంచి గిరి దిగాడు. మొగిలి ఘాటులో కళ్ళు మూసుకొని కూర్చునే మనిషి, ముందు సీటులో కూర్చొని ఘాటెక్కి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. పుట్టాక మొదటిసారి అక్కను అడగకుండా ఒక పని చేశాడు.

"యాడికి తీసకపోతావురా?" అంది అక్క, నాకూ వాడికీ మధ్య నిలబడి. "పసరు కడుపులో ఉండాది. ఇప్పుడు సూది పడితే పిల్ల దక్కతాదా?"

"సూది పడకపోయినా దక్కదు పెద్దక్కా. ఇది నాయనకు వచ్చింది కాదు. చిన్నక్కకు ఊపిరి ఆడతాండలేదు."

"నువ్వు డాక్టరువా?"

"కాదు."

"మరి యెట్ల తెలుసు?"

"తెలీదు. నాకు భయమేస్తాండాది. అంతే."

అక్క నవ్వింది, కోపంగా. "నీకు యెప్పుడు భయమెయ్యలేదురా గిరీ?"

ఆ మాట నిజమే కదా. అప్పుడు అక్క నా వైపు తిరిగి చాప పక్కన కూర్చుంది. "వనజా, నువ్వు సెప్పు. ఈడుంటావా, వాని యెమ్మట పోతావా? నీ మాటే నా మాట."

ఇంత వయసొచ్చి నేను వాళ్ళిద్దరిలో ఒకరిని ఎంచుకున్నది లేదు. అక్క మాట నిజమైతే ఆసుపత్రిలో మొదటి సూదికే పోతాను. గిరి మాట నిజమైతే ఈ చాప మీద ఊపిరాడక పోతాను. అక్క ముఖం ఎప్పటిలా గట్టిగా ఉంది. గిరి గడ్డం వణుకుతోంది. అక్క ముఖాన్నే నమ్మాలని ఎంత అనిపించిందో చెప్పలేను. ఎందుకిట్లా అవుతోందనీ, నాయనకు ఇట్లా కాలేదు కదా అనీ, ఎన్నో చెప్పాలని నోరు తెరిచాను. నా దగ్గర ఒక్క మాటకు సరిపడా గాలి మాత్రమే ఉంది.

"గిరి," అన్నాను.

అక్క లేచింది. నన్ను అంబులెన్సులోకి ఎక్కించాక నా చాప చుట్టి చంకలో పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. అంబులెన్సులో నా కాళ్ళ దగ్గర కూర్చొని రెండు పాదాలనూ చేతుల్లో పట్టుకుంది. పట్టుకుందని కళ్ళతో చూశానే తప్ప ఆ చేతులు నాకు తగల్లేదు. చిత్తూరు దాటాక రోడ్డు పక్కన పసుపు బట్టలు కట్టుకున్న తమిళులు గోవిందలు పెట్టుకుంటూ కొండకు నడిచిపోతున్నారు, వాళ్ళకు వేంకటేశ్వరుడి నెల పెరటాసి మొదలయింది. కాణిపాకం మలుపు రాగానే గిరి లెంపలు వేసుకున్నాడు. ఆ తర్వాత కనబడిన ప్రతి గుడికీ, ఒక చర్చికీ కూడా వేసుకున్నాడు. అక్క తిరుపతి దాకా నా పాదాలు వదల్లేదు.

పెరటాసి

ఆసుపత్రిలో డాక్టరు చిన్న సుత్తితో నా మోకాలి మీద కొట్టాడు. కాలు కదల్లేదు. ఇన్నాళ్ళూ ఏం మందు వాడారని అడిగితే అక్క దాచలేదు. "ఆకుపసరు నేనే పోయించినా," అని గట్టిగా చెప్పింది. ఆయన అక్కను ఒకసారి చూసి రాసుకున్నాడు. తిట్టినా బాగుండేది. నా జబ్బు పేరు జీబీ సిండ్రోమ్ అన్నారు. నాకు పట్టిన విరేచనాల లాంటివి తగ్గాక ఒక్కోసారి, రోగాలతో కొట్లాడాల్సిన ఒంటి బలం పొరపాటున సొంత నరాల మీదే పడుతుందట. మందు ఉంది, చాలామంది లేచి నడుస్తారు, కానీ అప్పటిదాకా ఊపిరిని మిషను చూసుకోవాలి అన్నారు. గొంతులో గొట్టం వేయడానికి ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టాలి. కువైట్‌లో ఉన్న మా ఆయన ఫోన్‌లో ఏడుస్తూ, మీకెట్లా మంచిదనిపిస్తే అట్లా చేయండి అన్నాడు.

మా అమ్మకు చివర్లో ఆ గొట్టమే వేశారు. అమ్మ దాంతోనే పోయింది. అక్క కాగితం ముట్టుకోలేదు.

"ఆ గొట్టం యేసినోళ్ళు తిరిగి రారు. వద్దు సార్. నా చెల్లెలికి వద్దు," అంది. ఆమె గొంతు అట్లా ఉండడం నేనెన్నడూ వినలేదు.

"మనం ఆలోచిస్తూ ఉంటే ఇంక అడగాల్సిన అవసరం ఉండదమ్మా," అన్నాడు డాక్టరు.

తెర సందులోంచి గిరి కనబడుతున్నాడు. వాడు డాక్టరును ఏదో అడిగాడు, మళ్ళీ అడిగాడు. పెన్ను కింద పడేసుకున్నాడు. వంగి తీసుకొని సంతకం పెట్టాడు. వాళ్ళు నా తల వెనక్కి వంచేముందు నేను అక్క కోసం చూశాను. అక్క అక్కడ లేదు.

ఆ తర్వాతి వారాల గురించి వరసగా చెప్పలేను. ఒంట్లో కళ్ళు తప్ప ఏదీ కదలదు, తెలివి మాత్రం పూర్తిగా ఉంది. ఐసీయూలో పగలూ రాత్రీ ఒకటే దీపాలు. మిషను గాలి పోస్తే ఛాతీ లేస్తుంది, ఆపితే దిగుతుంది. ఒకసారి గొట్టం ఎక్కడో ఊడింది. మిషను కూస్తూనే ఉంది. నర్సు ఇంకో మంచం దగ్గర ఉంది. ఆమె నాలుగడుగులు వేసి వచ్చేలోపల నేను ఎన్నిసార్లు చచ్చానో నాకే తెలుసు. అప్పటి నుంచి నిద్ర పోవాలంటే భయం. నేను నిద్రపోతే మిషను కూడా నిద్రపోతుందేమోనని ఒక పిచ్చి ఆలోచన.

లోపలికి రానిచ్చే వేళకు గిరి వచ్చేవాడు. ధైర్యం చెప్పడం వాడికి రాదు. మంచం పక్కన నిలబడి, మిషను అంకెలు చూస్తూ, మెల్లగా తన భయాలన్నీ చెప్పుకుపోయేవాడు.

"చిన్నక్కా, కరెంటు పోతే ఈ మిషను నిలిచిపోతాదేమోనని నాకు రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే అడిగినా. లోపల బ్యాటరీ ఉండాదంట. అది సాలకపోతే కింద జనరేటరు ఉండాదంట. నమ్మకం లేక నేను కిందికి పోయి సూసొచ్చినా. పెద్దదే."

ఇంకోరోజు, "నువ్వు నర్సమ్మను పిలవాలంటే యెట్లని భయమేసింది. కండ్లు గట్టిగా మూసి తెరిస్తే సూడమని అందరికీ సెప్పినా. రాత్రి డ్యూటీ ఆమెకు మల్లా సెప్పినా."

నాకు కలిగే ప్రతి భయం వాడికి ముందే కలిగి ఉండేది. వాడు పోయి, దాన్ని విచారించి, తిరిగి వచ్చేవాడు. ఎవరెవరో వచ్చి ధైర్యంగా ఉండమ్మా అని చెప్పిపోయారు. ఆ మాటల్లో ఒక్కటీ నాకు జనరేటరు అంత ఉపయోగపడలేదు.

సాయంత్రం డ్యూటీలో సరోజమ్మ అని ఒక ఆయమ్మ ఉండేది. చిక్కుపడిన నా జుట్టు విడదీసి, నూనె రాసి, రెండు జడలు వేసింది. "పొద్దుటికి నీ తమ్ముడొచ్చి బడికి పంపిస్తాడులే," అని తనే నవ్వింది. ఆ జుట్టు కత్తిరించేద్దామని ఎవరో అంటే ఆమె ఒప్పుకోలేదట. బయట హాల్లో గిరికి ఒక శ్రీకాళహస్తి ఆమె తన చాపలో సగం ఇచ్చింది. ఆమె భర్త నా పక్క మంచం మీదే ఉండేవాడు. ఒక పొద్దున ఆ మంచం ఖాళీ అయింది. ఆమె పోతూ పోతూ చాప చుట్టి గిరి చేతికిచ్చి, "నీకు ఇంకా పని ఉండాది నాయనా, పెట్టుకో," అందట. గిరి నాకు చెప్పకూడదనుకున్నాడు. దాచడం చేతకాక చెప్పేశాడు.

అక్క రాలేదు. కళ్ళతోనే అడిగాను. ఎవరి గురించి అడుగుతున్నానో గిరికి చెప్పాల్సిన పని లేదు. "ఆవులు ఉండాయి కదా చిన్నక్కా. పాలు యెవురు పిండతారు?" అని వాడు మిషను వైపు చూశాడు. నేను అన్న ఆ ఒక్క మాటకు అక్కకు కోపం వచ్చిందనుకున్నాను. ఊపిరి తిరిగి వచ్చినా అక్క తిరిగి రాదేమోనని ఆ గదిలో ఇంకో భయం మొదలైంది. ఏం కాదని ఎవరైనా చెబితే బాగుండుననిపించేది. గిరికి ఆ మాట రాదు, అది చేతనైన మనిషి పలమనేరులో ఉంది.

కార్తీకం

ముందు కుడి భుజం కొంచెం కదిలింది. గిరి అది నిజమో కాదో తెలియక ముగ్గురు నర్సులను పిలిచాడు. గొట్టం తీసిన రోజు నా గొంతులోంచి వచ్చిన శబ్దం కప్పది. మామూలు వార్డుకు మార్చిన సాయంత్రం తలుపు దగ్గర అక్క కనబడింది. చేతిలో బట్టల సంచి. జాకెట్టు భుజాల మీంచి జారుతోంది. ఆ జాకెట్టు నేను కుట్టిందే, కొలత తప్పే పని నేను చేయను. అక్క సగమైంది.

అప్పటి నుంచి నన్ను కడిగింది, తిప్పింది, తినిపించింది. కానీ ఆ చేసిన మనిషి మా అక్క కాదు. ఇడ్లీ తుంచేముందు నర్సును అడిగేది, పెట్టొచ్చా అని. నన్ను ఒత్తిగిలి పడుకోబెట్టేముందు గిరిని అడిగేది, ఏం సేద్దాం రా అని. గిరి నా చెవి దగ్గరికి వంగి, "పెద్దక్క నన్ను అడగతాండాది చిన్నక్కా. నాకు భయమేస్తాండాది," అన్నాడు. నవ్వొచ్చింది కానీ నాకూ అదే భయం. మా ఆయన సెలవు దొరికి వచ్చేసరికి నేను దిండ్లకు ఆనుకొని కూర్చోగలుగుతున్నాను. డాక్టరు, పసరు వల్ల చెడింది పెద్దగా లేదు, ఆలస్యం వల్ల చెడింది చాలా ఉంది అన్నాడు. అక్క ఆ మాట విని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. బంధువులు వచ్చినవాళ్ళు వచ్చినట్టు, నీ తప్పేం లేదు భారతీ, మంచికే కదా చేశావు అని ఆమెకు చెప్పిపోయారు. అక్క వాళ్ళు తెచ్చిన పండ్లు కడగడానికి పోయేది.

ఉగాది దాటాక

చేతికర్రతో నడవడం వచ్చాక పలమనేరు పోయాను. చిత్తూరులో ఎండ మాడుస్తుంటే అక్కడ ఇంకా చల్లగాలి ఉంది. అక్క పశువుల కొట్టంలో ఉంది. ఒక ఆవుకు పొదుగు వాచింది. ఇదివరకైతే తనే పిండి, పట్టు వేసి, సాయంత్రానికి తేల్చేసేది. ఇప్పుడు పశువుల డాక్టరుకు పొద్దున ఫోన్ చేసి, ఆయన చెప్పింది సరిగ్గా విన్నానో లేదోనని మళ్ళీ చేసిందట. తిరగేసిన బకెట్టు మీద నన్ను కూర్చోబెట్టి, తను ఆవు పక్కనే నిలబడింది.

"వనజా, ఒకటి అడగతా. నిజం సెప్పాల."

"అడుగు కా."

"అందరూ నా తప్పేం లేదంటారు. గిరీ అంటాడు, నేలదిక్కు సూసి అంటాడు. నువ్వొక్కదానివే ఆ మాట అనలేదు. ఆ పొద్దు గిరి రాకపోయింటే యేమయ్యింటాది?"

చెప్పకుండా తప్పించుకోవడం నాకు బాగా వచ్చు. ఏదో నవ్వులాటకు తిప్పేయొచ్చు. కానీ ఆవు వీపు మీద ఉన్న అక్క చెయ్యి కదలకుండా ఆగిపోయి ఉంది. ఆ జవాబు కోసం ఆమె ఇన్ని నెలలుగా నిద్రపోలేదని నాకు అర్థమైంది.

"సచ్చిపోయింటా కా," అన్నాను.

అక్క తల ఊపింది. రెండుసార్లు ఊపి, గడ్డి మీదే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నాయన పోయినప్పుడు, అమ్మ పోయినప్పుడు, బావ పోయినప్పుడు కూడా ఆమె అట్లా ఏడవడం నేను చూడలేదు. నేను ఆపలేదు. లేచి దగ్గరికి పోవాలంటే కర్ర అందలేదు, అందుకని అక్కడి నుంచే చూస్తూ ఉన్నాను.

"ఇప్పుడన్నా ఒకరు సెప్తిరి," అంది ముఖం తుడుచుకుంటూ. "ఆ గొట్టం సూడలేక పారిపోయి వస్తినే. ఫోన్ మోగితే పాలబిందె ఆడనే పెట్టి మడికయ్య గట్టు మీదికి పోయేదాన్ని. మోగి మోగి అదే నిలిచిపోయేది. గిరికి ఇంత భయం పుట్టినప్పట్నించి ఉండాది కదా, వాడు యెట్ల మోస్తాండాడో."

అక్క లేచి ఆవు ముందు ఇంత గడ్డి వేసింది. ఆవు తోక విసురుతూ ఉంది.

"మరి ఆ పొద్దు నాతో యెందుకొచ్చినావే? గిరి పెద్దాస్పత్రికి పొమ్మని సెప్పినాడు కదా."

"నువ్వు రమ్మంటివి. వచ్చినా."

అక్క నన్ను చూసింది. "ఇంక నేను పిలిస్తే రావద్దు."

"పిలువు. వస్తా," అన్నాను.

ఊరడించడానికి అన్న మాట కాదు అది. ఆలోచించకుండా నోట్లోంచి వచ్చేసింది. అక్క ముఖం పాలిపోయింది, నేను అన్నది నిజమని ఆమెకు తెలిసిపోయింది. నాకూ అప్పుడే తెలిసింది. గిరి చెప్పింది నిజమని తెలిసినా, కొట్టంలో రెండు పక్కలా పోయినదాన్ని నేనొక్కదాన్నేనని చూసినా, రేపు అక్క వచ్చి చంకల కింద చేతులు వేసి ఎత్తితే నేను ఎక్కడికని అడగను. ఈ జబ్బు తిరిగి వస్తుందా అని నన్ను అందరూ అడుగుతారు. నూటికి ఎవరికో తప్ప రాదట. నాకు దాని కంటే నాలోని ఈ గుణమంటేనే భయం.